కింది అంతస్తు గది

అత్తయ్యగారికి నమస్కారాలతో మీ అల్లుడు రాస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. మీరంతా కులాసా అనీ, బుడ్డోడికి జలుబు తగ్గిందనీ చదివి మీ అమ్మాయి నవ్వింది. ఇక్కడ మా రోజులు గడుస్తున్నాయి. ఫోనులో అయితే పిల్లలు మీ భుజమెక్కి వింటారు కాబట్టి ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. వాళ్లు బడికి వెళ్లాక చదవండి.

మీరు పిల్లలతో వచ్చి దిగే హోటల్లో పాలు కాచుకునే వీలుందా, మెట్లెక్కాలా అని అడిగారు. తిరిగింది నేనే గానీ ఎంచింది మీ అమ్మాయి. ఆసుపత్రి మంచం మీది నుంచే నన్ను మూడు హోటళ్లు తిప్పింది. మొదటిదాంట్లో ఈతకొలను కూడా ఉంది. గది మాత్రం ఆరో అంతస్తు. బాల్కనీ ఫోటో చూపిస్తే, "ఆ అడ్డకమ్మీలు చూడండి, మన కోతికి అవే నిచ్చెన" అని కొట్టిపారేసింది. రెండోది ఆసుపత్రికి ఎదురుగానే. నాకు నచ్చింది. "కిటికీ తీస్తే ఈ వార్డే కనిపిస్తుంది. నేను లేనప్పుడు పిల్లలు దీన్నే చూస్తూ కూర్చుంటారు. వద్దండీ" అంది.

మూడోది రెండు వీధుల అవతల, కింది అంతస్తు. గదిలోనే చిన్న పొయ్యి ఉంది, పాలకు ఇబ్బంది లేదు. మీ అమ్మాయి ఫోనులో అక్కడి మేనేజరమ్మను తలుపు వెడల్పెంత అని అడిగింది. ఆవిడకు అర్థం కాలేదు.

"చక్రాల కుర్చీ పట్టాలండీ."

ఆవిడ ఇంకేమీ అడగకుండా టేపు తెచ్చి కొలిచింది. "పడుతుందమ్మా, ఇంకా నాలుగు వేళ్ల ఎడం ఉంది."

"అయితే మంచాలు రెండూ కలిపేయించండి. నేనూ, పిల్లలూ, మా అమ్మా పడుకోవాలి. మా ఆయనకి కింద ఒక పరుపు పడేస్తే చాలు."

అత్తయ్యగారూ, బడి పుస్తకాలు తేవాలా అని కూడా అడిగారు. వద్దు. మందు పనిచేస్తోందని పోయినసారి రాశాను. అప్పటికే ఆపేశారు. ఇక చేయగలిగింది లేదని డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి చెప్పింది. నేను మొహం కడుక్కుని లోపలికి వెళ్తే మీ అమ్మాయి, "మొహం కడుక్కున్నారెందుకు?" అంది. అంతే, తెలిసిపోయింది. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటి దాకా తనని బయటికి పంపుతామన్నారు. ఆ కాస్త సమయానికే ఈ గది.

మీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. "అమ్మ దారి పొడుగునా ఏడుస్తుంది, పిల్లలు బెదిరిపోతారు" అంది. ఒట్టు తప్పాను. ఏమీ తెలియక మీరు నవ్వుతూ ఆ గదిలోకి రావడం నేను చూడలేను. ఏడవాల్సిందంతా అక్కడే ఏడ్చి బయలుదేరండి. నేను స్టేషనుకు వస్తాను.

ఎవరు ఎక్కడ పడుకోవాలో కూడా తనే చెప్పింది. గోడ వైపు మీరు, మీ పక్కన పిల్లలు.

"నువ్వు మధ్యలో పడుకో, ఇద్దరూ చెరో పక్కా ఉంటారు" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "నేను తలుపు వైపు, అంచున. పొద్దున్నే నన్ను కుర్చీలోకి ఎత్తేటప్పుడు వాళ్లకి మెలకువ రాకూడదు."

ఇట్లు,
మీ అల్లుడు