దీపస్తంభం దాక్కునే చోటు

మహారాజశ్రీ తాతయ్య గారి దివ్యసముఖమునకు, మనవరాలు పూర్తిగా వంగి నమస్కరించాలనుకుని, డైవింగ్ సూటు బిగుతు వల్ల సగమే వంగి రాయునది.

ఇక్కడ నేనూ, నా ఆకలీ, నా గాలి సిలిండర్లూ కులాసా. అక్కడ నువ్వూ, అమ్మా నాన్నా, నీ ఎడమ మోకాలూ కులాసా అని తలుస్తాను. మోకాలిని విడిగా అడిగానని దానికి చెప్పు. మన ఇంట్లో అందరికన్నా దానికే పట్టింపులెక్కువ.

నీ ఉత్తరం అందింది. మూడు పేజీలు, అందులో రెండున్నర పేజీలు ప్రశ్నలే. పోలీసులైనా మధ్యలో టీ ఇప్పిస్తారు తాతయ్యా. సరే, ఒకే ఒక్క ప్రశ్నను వెనక్కి నెట్టి, మిగతావాటికి నువ్వడిగిన వరసలోనే జవాబిచ్చుకుంటూ పోతాను.

గదికి కిటికీ ఉంది. కింద తాళ్ళ దుకాణం. పొద్దున్నే కిటికీ తీస్తే తారు, తడి తాడు, డీజిలు కలిసిన వాసన కొడుతుంది. మూడో అంతస్తు ఫ్లాటుకి మారాక కూడా నువ్వు పారేయనివ్వని ఆ పాత కోటుది సరిగ్గా ఇదే వాసన. మొదటి రోజు కిటికీ తీసి, నువ్వే వెనక నిలబడ్డావేమోనని తిరిగి చూశాను. ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది.

తింటున్నాను. మా పడవ వంటాయనకి కూరగాయలతో ఏదో పాత పగ ఉంది, అన్నిటినీ పీచయ్యేదాకా ఉడకబెట్టి తీర్చుకుంటున్నాడు. నీళ్ళు చల్లగా ఉంటాయా అన్నావు. పళ్ళు కొట్టుకోవడం ఆగాక చెబుతాను. ఇక నాలుగో ప్రశ్న. చేతిరాత నీదే అయినా గొంతు అమ్మది. మా పడవలో పెళ్ళికాని నిలకడైన వాడు ఒక్కడే ఉన్నాడని అమ్మకి చెప్పు. వాడు లంగరు.

“ఇంతకీ అక్కడ ఏం చేస్తున్నావే?” అని రెండుసార్లు గీత కొట్టి మరీ అడిగావు. విను. యుద్ధంలో మునిగిపోయిన జలాంతర్గామి ఒకటి ఈ తీరంలో ఎక్కడో పడి ఉంది. లోపల నలభై మంది పైగా ఉన్నారు. సర్కారు కాగితాలు ఒక చోటు చెబుతాయి, అక్కడ వెతికితే నత్తలు తప్ప ఏమీ లేవు. మా జట్టుకి పెద్దామె ఒకావిడ. తెల్లజుట్టు, రోజుకి పది మాటలు, అందులో ఆరు ‘ఊఁ’. ఆవిడ కాగితాల్ని నమ్మదు. రేవుకి వచ్చి చేపల పడవలవాళ్ళని ఒకటే అడుగుతుంది: “మీ వలలు ఎక్కడ చిరిగాయి?” వల పట్టేసిన ప్రతి చోటునీ పడవవాళ్ళు పుస్తకంలో రాసుకుంటారు కదా, మళ్ళీ అటు పోకుండా. నావికాదళం మర్చిపోయినదాన్ని వలలు మర్చిపోవని ఆవిడ లెక్క.

నేను ఊరుకుంటానా? నువ్వు ఈ రేవులో పడవ నడిపిన రోజుల్లో రాసుకున్న నల్ల అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను, పట్టాభిషేకానికి కిరీటం తెచ్చినట్టు. పెద్దామె పేజీలు తిప్పి, మీరు చేపలకి వలేసే దక్షిణపు మేత దగ్గర ఆగింది. అక్కడ నీ అక్షరాల్లో: “ఇసుక. శుభ్రం. కళ్ళు మూసుకుని లాగొచ్చు.”

“నమ్మొచ్చా?” అంది.

“మా తాతయ్య ఇసుక అన్నాడంటే అక్కడ రాయి ఉన్నా ఇసుకైపోవాలి” అన్నాను రొమ్ము విరుచుకుని.

“ఊఁ” అని ఆ చోటుని పటంలో కొట్టేసింది.

ఆ పుస్తకం తిరగేస్తుంటే నాకు మన బాల్కనీ గుర్తొచ్చింది. నాకు ఏడేళ్ళు. నువ్వు కర్టెన్ తాడు ఊడదీసి ముడి నేర్పేవాడివి. నీది ఎడమచేతివాటం. అందుకని నీ ముడి లోకంలో అందరి ముడికీ అద్దంలో బొమ్మలా తిరిగి ఉంటుంది, చివర ఒక చుట్టు అదనం. నాది కుడిచేయే అయినా ఎడమచేతి ముడే నేర్చుకున్నాను. ఆ ముడితో నిన్ను కుర్చీకి కట్టేసి నేను ఆటకి పోతే, సాయంత్రం అమ్మ వచ్చేదాకా నువ్వు విప్పుకోకుండా అలాగే కూర్చున్నావు. “విప్పలేక కాదు, మనవరాలి పనితనం పాడుచేయడం ఎందుకని” అన్నావు. ఆ మాట నమ్మి నేను వారం రోజులు గర్వంగా తిరిగాను.

ఇప్పుడు వెనక్కి నెట్టిన ప్రశ్న. ఉత్తరం చివర, సంతకం కింద, చోటు మిగిలింది కదా అని రాసినట్టు చిన్నగా రాశావు: “రేవులో నన్ను ఎవరైనా అడిగారా?”

అడిగారు తాతయ్యా.

వలల షెడ్డులో ఒక ముసలాయన కూర్చుని చిరుగులు కుడుతుంటాడు. నేను వెళ్ళి ఎప్పటిలాగే, “తాతగారూ, మీ వలలు ఎక్కడ చిరిగాయి?” అన్నాను. తలెత్తి నా ముఖం చూశాడు. సూది ఆగింది.

“పెద్దోడి మనవరాలివి కదూ? ఆ ముక్కు ఇంకెవరిదీ కాదు.”

ఎవరో అర్థమైంది. మన ఇంట్లో ఆయనకి ఉన్న పేరు ఒక్కటే: నిద్రమొహం. ఆ కథ నువ్వు నాకు నిద్రపుచ్చడానికే చెప్పేవాడివి. నీకు జ్వరం వచ్చి, ఒక్క రోజుకి పడవ తమ్ముడి చేతికిచ్చావు. ఆరు నెలలు కూర్చుని నువ్వే అల్లిన కొత్త వల. సాయంత్రానికి పడవ వచ్చింది, వల రాలేదు. దక్షిణపు మేతలో అడుగున ఏదో పట్టేసిందనీ, పడవ పక్కకి ఒరిగిపోతుంటే తాళ్ళు నరికేశాననీ చెప్పాడు. పదేళ్ళు నువ్వు లాగిన చోటు, ఇసుక తప్ప ఏముంటుంది అక్కడ? “చుక్కాని దగ్గర నిద్రపోయి, ఎక్కడో రాళ్ళ మీదికి పోనిచ్చి, వచ్చి కథలు చెబుతున్నావురా నిద్రమొహమా” అని చేపల వేలం అరుగు మీద అందరి ముందూ అన్నావు. ఆ తర్వాత నువ్వు ఊరు వదిలేశావు. కథ అక్కడితో అయిపోయేది, నేను నవ్వుతూ నిద్రపోయేదాన్ని.

నువ్వు చెప్పని ముక్క ఒకటి ఇక్కడ విన్నాను. ఆ మాట తర్వాత ఈ రేవులో ఆయన చేతికి ఎవరూ చుక్కాని ఇవ్వలేదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు, నడుం పోయాక ఈ షెడ్డులో కూర్చున్నాడు. నువ్వు పెట్టిన పేరు మాత్రం ఇక్కడే స్థిరపడింది. టీ కొట్టువాడు కూడా, “నిద్రమొహం బాబాయికి ఒక టీ” అంటాడు, ఏ కోపమూ లేకుండా.

“ఉన్నాడా మీ తాత?” అన్నాడు.

“ఉన్నాడు. మోకాలి నొప్పి.”

“ఎడమదేనా?”

“మీకెలా తెలుసు?”

“బడి గోడ దూకి పడ్డాడు. ఇంటిదాకా నేనే మోసుకొచ్చా. దారంతా నన్నే తిట్టాడు, సరిగ్గా మొయ్యట్లేదని.” కాసేపు కుట్టుకున్నాడు. “చోటు చెబుతా, రాసుకుంటావా? నలభై ఏళ్ళ నుంచి చెబుతున్నా, రాసుకునేవాళ్ళే లేరు.”

రాసుకున్నాను. సముద్రం మీంచి ఒడ్డుకేసి చూస్తే, దీపస్తంభం ఇటుకల బట్టీ పొగగొట్టం వెనక పూర్తిగా దాక్కోవాలి. అదే సమయంలో గుట్ట మీది నీళ్ళ ట్యాంకు రేవు గోడ చివరికి రావాలి. ఆ రెండూ కలిసే చోటు. చిక్కేమిటంటే, పొగగొట్టాన్ని ఎప్పుడో కూల్చేసి, అక్కడ బస్సుల షెడ్డు కట్టారు. ఆయన కర్ర పట్టుకుని బస్సుల షెడ్డు దాకా నడిచొచ్చి, అడుగులు లెక్కపెట్టుకుని, మూడో నంబరు బస్సు ముందు నన్ను నిలబెట్టి, “ఇప్పుడు నువ్వే పొగగొట్టానివి, కదలకు” అన్నాడు. డ్రైవరు హారన్ కొడుతున్నా నేను కదల్లేదు. పొగగొట్టాలకి చెవులుండవు కదా.

పెద్దామె ఆ గీతలు పటం మీద గీసింది. రెండూ పోయి నీ ‘ఇసుక, శుభ్రం’ మీద కలిశాయి. ఆవిడ నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను.

మర్నాడు శబ్దంతో సముద్రం అడుగుని తెర మీద చూపించే సోనార్ దించాం. తెర మీద ఇసుక, ఇసుక, ఇసుక. నీ పుస్తకం గెలిచిందనుకున్నాను. అప్పుడు పొడుగ్గా, సన్నగా, ఒక వైపుకి వాలి పడుకున్న నీడ ఒకటి వచ్చింది. వంటాయన టోపీ తీశాడు.

నలభై మీటర్ల లోతు. నా జత డైవరు పూర్వాశ్రమంలో పళ్ళ డాక్టరు, నీళ్ళలో కూడా మనిషి నోటివైపే చూస్తాడు. ఇద్దరం దిగాం. మొదట ఆకుపచ్చటి మసక, ఆ తర్వాత ఇనుప గోడ. దాని నిండా తెల్లటి పువ్వుల్లాంటి జీవులు. పైన బురుజు, బురుజు మీద లోపలికి దిగే మూత. మూసే ఉంది. మా పనిలో నియమం ఏమిటంటే కళ్ళతో చూడటం, ఫోటో తీయడం, అంతే. ముట్టుకోం, లోపలికి వెళ్ళం. నేను ఏ మూత కనిపించినా తీసి చూసే రకమని వంటింటి డబ్బాలన్నిటికీ తెలుసు. ఈ మూత దగ్గర మాత్రం చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఇంకో నియమం కూడా ఉంది. లోపలున్నవాళ్ళ ఇళ్ళకి కబురు చేరేదాకా రేవులో ఎవరికీ చెప్పకూడదు. సొంతవాళ్ళు ఆ వార్త గోడ మీదో పత్రికలోనో చూసి తెలుసుకోకూడదని.

ఇంతవరకూ రాసి రెండుసార్లు కలం మూశాను. పైన ‘కులాసా’ అన్నది ఇప్పటికి నిజమే. పదకొండు రోజుల కిందట మాత్రం కాదు.

మూడోసారి దిగినప్పుడు బురుజు వెనక పక్కకి వెళ్ళాను. వీపు మీద ఏదో పట్టుకుంది. ముందుకి కదిలితే కదలనివ్వదు, వెనక్కి వస్తే ఇంకా బిగుస్తుంది. పాత వల. సిలిండరు మెడకి చుట్టుకుంది. ఇలాంటప్పుడు కదలకూడదని నేర్పారు. నేను నీ పెంపకం కాబట్టి ముందు బాగా గింజుకుని, ఆ తర్వాత ఆగాను. గాలి ముల్లు దిగుతోంది. డాక్టరు కత్తి తీసి ఒక్కొక్క పోగూ కోస్తున్నాడు. నాకు చేయగలిగిందేమీ లేక, లైటు ముఖం ముందున్న వల మీద వేసుకుని చూస్తూ ఉన్నాను.

ముడులు తాతయ్యా. అన్నీ ఎడమకి తిరిగి, చివర ఒక చుట్టు అదనం. నలభై ఏళ్ళు నీళ్ళలో ఉండి ఒక్కటి జారలేదు. ఆ పైన నరికిన తాళ్ళు, చివరలు గొడ్డలికి చితికి, రెండూ ఒకే పొడుగున.

పైకొచ్చాక డాక్టరు, “జ్ఞానదంతం పీకడం కూడా ఇంత కష్టం కాదు, ఎవడు కట్టాడో ఆ ముడులు!” అన్నాడు. మా తాతయ్య అని చెప్పకుండా సూటు విప్పుకునే పనిలో పడ్డాను. భుజం మీద ఒక గీరుడు పడింది, మానిపోయింది. అమ్మకి ఈ పేజీ చదివి వినిపించకు.

పెద్దామెని అడిగాను, నీ పుస్తకం ఎలా తప్పిందని. ఆ రోజు ఆవిడ కోటా దాటి మాట్లాడింది. అడుగున ఇసుక దిబ్బలు నడుస్తాయట. ఒక్కో పెద్ద తుఫానుకి కప్పినది బయటపడుతుంది, మళ్ళీ కొన్నేళ్ళకి కప్పుకుంటుంది. పదేళ్ళు నువ్వు లాగినప్పుడు అది ఇసుక కిందే ఉంది. నీ తమ్ముడు పడవ తీసుకెళ్ళిన ఏడాది బయటికొచ్చింది. నువ్వు రాసింది తప్పు కాదు. నువ్వన్నది తప్పు.

ఈ సంగతి నీకు రాయొచ్చా అనడిగాను. “వల సొంతవాళ్ళు కూడా సొంతవాళ్ళే కదా” అన్నాను. ఆవిడ, “రాయి. మరి ఆ ముసలాయనకి?” అంది. ఆయనకి చెప్పాల్సింది నేను కాదన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

కాబట్టి పదకొండు రోజులుగా అబద్ధమాడుతున్నాను. రోజూ షెడ్డు ముందు నుంచి వెళ్ళాలి. రోజూ, “ఏమైనా తగిలిందా అమ్మడూ?” అంటాడు.

“వెతుకుతున్నాం చినతాతయ్యా.”

“వెతకండి. అది ఎక్కడికీ పోదు.” అని మళ్ళీ సూది అందుకుంటాడు. నా దగ్గర ప్రతిదానికీ ఒక జోకు ఉంటుందని నీకు తెలుసు. ఆ షెడ్డు ముందు ఒక్కటీ రావట్లేదు.

లోపలున్నవాళ్ళ ఇళ్ళన్నిటికీ కబురు చేరాక, వచ్చే నెల మొదటి సోమవారం ఫోటోలు రేవు ఆఫీసు గోడకి అంటిస్తారు. బురుజు మీద వల స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన చూపు తగ్గింది గానీ, నీ ముడిని గుర్తుపట్టలేనంతగా తగ్గలేదు. ఆ గోడ దగ్గర తెలిస్తే, ఆయన్ని నమ్మింది ఫోటో అవుతుంది. అన్న కాదు.

ఉత్తరం రాస్తానంటావేమో, వద్దు. ఉత్తరాల్లో నువ్వు ప్రశ్నలే రాస్తావు. రోజూ పొద్దున తొమ్మిదింటికి బస్సుంది, ఎడమవైపు సీటు తీసుకుంటే కాలు చాపుకోవచ్చు. షెడ్డు దాకా నేను పట్టుకుని తీసుకెళతాను, గుమ్మం దగ్గర వదిలేసి వచ్చేస్తాను. లోపల నీకు తోడు రాను, అందులో నేను చేయగలిగిన సాయం ఏమీ లేదు.

ఆ రోజు నువ్వు ఆ మాట అన్నప్పుడు అరుగు నిండా జనం ఉన్నారట. ఇప్పుడు అంతమంది అక్కర్లేదు తాతయ్యా. ఒక్కడు వింటే చాలు.

ఇట్లు,
జవాబు కోసం కాక, బస్సు కోసం ఎదురుచూసే
నీ మనవరాలు