ఆ డ్రైవరు మీద ఫిర్యాదు

చిరంజీవి కోడలికి,

దీవెనలు. కొట్టుకి గుండీలూ దారాలూ కొనుక్కుని నిన్న రైల్లో వస్తున్నాను. కొండ మలుపు దగ్గర డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. గుండీల పొట్లం చిరిగి అవి రైలుపెట్టెంతా దొర్లాయి. సగంమంది నాతోపాటు నేలమీద పాకుతూ ఏరారు. నువ్వు రైల్వే ఆఫీసులోనే కదా పని, వాడెవడో కనుక్కో. వదిలేది లేదు.

మీ మామయ్య

తా.క. నా పళ్ళ సెట్టు ఎదురు సీటాయన టీలో పడింది. ఆయన టీ తాగలేదు. నేను మాత్రం సెట్టు కడిగి పెట్టుకున్నాను.

\*

మామయ్యగారికి నమస్కారాలు.

దెబ్బలేమీ తగల్లేదు కదా? మలుపు అవతల పట్టాల మీద బండరాయి పడి ఉంది. బ్రేకు వెయ్యకపోతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. ఫిర్యాదు మాట మర్చిపోండి.

మీ కోడలు

తా.క. అత్తయ్యకి చెప్పకండి, కంగారు పడతారు.

\*

చిరంజీవి కోడలికి,

మీ రైల్వేవాళ్ళని నువ్వు వెనకేసుకొస్తావని తెలుసు. రాయి ఉంటే కాస్త పక్కకి తిప్పుకుని పోవచ్చుగా? ఆటోవాడు పోవడం లేదూ? బండి ఆగి ఉన్నంతసేపూ పెట్టెలో అందరిచేతా సంతకాలు పెట్టించాను. టీ ఆయన రెండుసార్లు పెట్టాడు. ఆ కాగితం స్టేషన్లో ఇచ్చేశాను.

మీ మామయ్య

తా.క. నడిపింది ఆడమనిషట! ఇంట్లో ఆవిణ్ణి ఎలా భరిస్తున్నారో. ఆవిడ మామగారెవరో గానీ, పాపం!

\*

మామయ్యగారికి,

మీరు జాలిపడ్డ ఆ మామగారు మీరే. ఆఫీసు పని అని మీ అబ్బాయీ నేనూ అబద్ధం చెప్పాం. రైలు నడుపుతానంటే మీకు నిద్రపట్టదని భయం. రాయి కనబడగానే చెయ్యి దానంతటదే బ్రేకు మీద పడింది. ఆగాక దిగి చూస్తే రాయికీ ఇంజనుకీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు. కంకర మీద కూలబడి ఏడ్చాను. వెనకున్నవాళ్ళంతా బతికే ఉన్నారు మామయ్యా. అందులో మీరున్నారని మీ ఉత్తరం చూసేదాకా తెలీదు.

మీ కోడలు

తా.క. రైలుకి స్టీరింగు ఉండదు మామయ్యా.

\*

మా బంగారుతల్లికి,

నీ ఉత్తరం చదివాక కుట్టు మిషను మూసేశాను. తిన్నగా స్టేషనుకి పోయి, "ఫిర్యాదిచ్చిన ముసలాణ్ణి నేనే, ఆ డ్రైవరు మామగార్నీ నేనే. ఆ కాగితం ఇటివ్వండి" అన్నాను. ఆఫీసరు లేచి నాకు కుర్చీ వేశాడు. ఇన్నేళ్ళలో నన్ను చూసి ఎవరూ లేచి నిలబడలేదమ్మా.

ఇంటికొచ్చి మీ అత్తకి మెల్లగా చెప్పబోయాను. "కంగారు పడకు, మన కోడలు..."

బట్టలు మడతపెడుతూ తలైనా ఎత్తకుండా, "రైలు నడుపుతుంది. తెలుసు" అంది. "చెల్లెలింటికని వారం వారం నేను వెళ్ళేది దేనికనుకున్నారు? దాని బండెక్కడానికే. అది ఆపితే గ్లాసులో నీళ్ళు తొణకవు. అంత గట్టిగా ఆపిందని మీరు చెప్పినప్పుడే అనుకున్నా, ముందేదో పెద్ద గండం ఉండే ఉంటుందని."

వచ్చేవారం ఇద్దరం నీ బండికే వస్తున్నాం.

నీ మామయ్య

తా.క. వీధిలో గొప్పగా చెప్పుకుందామని బయల్దేరాను. ఎవర్ని పట్టుకున్నా "మీ ఆవిడ ఎప్పుడో చెప్పింది" అంటున్నారు. నీ దారిలో మీ అత్తకి తెలిసినవాళ్ళు లేని స్టేషను ఏదైనా ఉంటే చెప్పు తల్లీ, అక్కడ దిగి చెప్పుకుంటాను.