నీ నీలం పట్టు రుమాలు

మార్తా,

నువ్వు పోయాక వచ్చిన తొలి క్రిస్మస్ ఇది. మిషన్ దొరసాని నీకిచ్చిన పెద్ద నీలం పట్టు రుమాలు కట్టుకుంటేనే చర్చికి వస్తానని మన ఎస్తేరు పొద్దున్నే పేచీ పెట్టింది. "అమ్మ ఎలాగ కట్టుకునీది నానా?" అంది.

పాస్టరమ్మగారిని అడిగితే, "తలకి సుట్టి గెడ్డం కింద ముడేసీది" అన్నారు. హుకుంపేట సంతకు పోతున్న నీ నేస్తం సోంబారి ఆగి, "కాదు, మా కొండోళ్లలాగ సంటి గుంటని ఈపుకి కట్టుకునీది" అంది. ఎవరిని నమ్మను? ఎస్తేరు తలకీ చుట్టింది, దొరసానిలా మెడలోనూ వేసుకుంది. అద్దంలో నువ్వు కనబడలేదని విప్పేసింది.

నీతో ఒకే ఇంట్లో ఉన్న నాకు ఇవేవీ ఎందుకు గుర్తులేవో తెలియడం లేదు. మంచు పట్టిన పొద్దుల్లో నేను పాఠాలు చెప్పడానికి బడికి బయలుదేరుతుంటే నా చెవులకు దాన్ని చుట్టి, ఎడమ చెవి కింద ముడి వేసేదానివి. అదొక్కటే గుర్తుంది. మన గుంటతో ఆ మాట అనలేకపోయాను.

గుమ్మం దాటేసరికి నాకు దగ్గొచ్చింది. "సలి నానా, నువ్వే కట్టుకో. బేగి రా" అంటూ ఎస్తేరు రుమాలు నా చెవులకు చుట్టి ముడి వేసింది.

ఎడమ వైపని నేను దానికి చెప్పలేదు, మార్తా.