బయట పగులు లేని రబ్బరు

మంగళవారం రాత్రి, అడాజన్‌లో ఇంట్లో

హజీరా ఫ్యాక్టరీలో ఈరోజు ఒక పెద్ద ఫ్యానును పైనుంచి వేలాడదీసిన రబ్బరు దిమ్మ తెగి ఫ్యాను కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. ఫిట్టర్ మల్లేశం దాన్ని కోసి చూపించాడు. బయట గీత కూడా లేదు, లోపలంతా జొన్నగింజలంత బొక్కలు.

"బరువుకు గుంజీ గుంజీ లోపట్నే పెద్దగైనయ్ సార్. పైకెట్ల కనబడ్తయ్?"

పోయిన నెల అన్ని దిమ్మల్నీ గోటితో గీరి చూసి, పగుళ్లు లేవని సంతకం పెట్టింది నేనే. రెండో ఫ్యానుకూ అవే దిమ్మలని కొన్న కాగితాలు చూసిన నాకే తెలుసు. దాన్ని ఆపమంటే నా సంతకం బయటికొస్తుందని నోరు మూసుకుని కంపెనీ బస్సెక్కాను.

మల్లేశానికి ఈరోజు డబుల్ డ్యూటీ. చల్లగా ఉంటుందని ఆ రెండో ఫ్యాను కిందే కూర్చుని డబ్బాలో అన్నం తింటాడు. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తడం లేదు. ఫ్యాను ఆపించగల కంట్రోల్ రూము నంబరు నొక్కడానికి మాత్రం ఇంకా చెయ్యి రావడం లేదు.