జర్మనీ సారు గీసిన సున్నపు గీత

బాపూ,

నువ్వు బతికున్నా ఈ ఉత్తరాన్ని చదవలేకపోయేవాడివి. నీకు అక్షరాలు రావు కాబట్టి మాకు క్యాసెట్లే పంపేవాడివి. సౌదీలోని ధహ్రాన్‌లో కంపెనీ కాలనీ ఫుట్‌బాల్ మైదానానికి నీళ్లు పట్టి, తాడు కట్టి సున్నంతో గీతలు గీసేవాడివి. అక్కడ పిల్లలకు ఆట నేర్పే జర్మనీ సారు గురించి ఒక క్యాసెట్‌లో చెప్పావు.

"బిడ్డా, సారు తూర్పు జర్మనీల పెద్ద ఆటగాడంట. పడమటి దిక్కు మ్యాచ్‌కు పోయి వాపస్ బస్సెక్కలేదంట. గట్ల పారిపొయ్యిండని ఏడాది దాంక యాడ ఆడనియ్యలేదంట. కన్న అవ్వను మల్ల సూడనే లేదు. నేను గట్ల తప్పిచ్చుకుందామంటే పాస్‌పోర్ట్ పనిచ్చిన కఫీల్ పెట్టెల ఉండె!" అని నవ్వావు.

రెండు జర్మనీల మధ్య గోడ కూలాక సారు వాళ్లమ్మను చూశాడా లేదా అన్నది నీ బెంగ. అది తెలియకుండానే గల్ఫ్ యుద్ధంలో నీ గుండె ఆగింది. విమానాలు లేక నిన్ను ఇంటికి పంపలేక ఈ సౌదీలోనే పూడ్చారు.

నువ్వు చదివించిన చదువుతో నేను ఇక్కడికి పక్కనే దమ్మాంలో నర్సునయ్యాను. నువ్వు పోయిన రోజని నిన్న, ఇంకా ఆ కాలనీలోనే ఉంటున్న సారూ ఆయన భార్యా నన్ను నీ దగ్గరికి తీసుకెళ్లారు. దారిలో అడిగాను. సారు వెళ్లేసరికి వాళ్లమ్మ లేదట. ఊరి క్లబ్బులో పాత జట్టు ఫోటో ఉందట. అందులో ఆయన ముఖం మీద నల్లరంగు పూసి ఉందట.

నీ మీద రాయి లేదు, పేరు లేదు. పూడ్చిన రోజు వచ్చాడు కాబట్టి చోటు సారుకే తెలుసు. కారులోంచి సున్నం తెచ్చి నీ చుట్టూ గీత గీశాడు. అది వంకరపోయింది.

"మీ నాన్న తాడు లేకుండా ఎప్పుడూ గీయలేదమ్మా," అన్నాడు.

నా చున్నీ తీసి ఒక కొస పట్టుకున్నాను. ఆయన భార్య రెండో కొస లాగి పట్టుకుంది. ఈసారి గీత తిన్నగా వచ్చింది, బాపూ.