‘నిర్లక్ష్యం’ అనే మాట కొట్టివేయుట గురించి

నూనెగింజల తనిఖీ అధికారి దొకురుగు అల్హసన్ గారి సముఖమునకు,
కుంబిలా గ్రామంలో షియా చెట్టు గింజల నుంచి వెన్న తీసే మహిళా సంఘం పెద్ద తియుంబా నాపారి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: మా వెన్న తనిఖీ కాగితంలో నా పేరు పక్కన వ్రాసిన ‘నిర్లక్ష్యం’ అనే మాట కొట్టివేయుట గురించి.

అయ్యా,

నిన్ను వీపున కట్టుకుని తిప్పిన మనిషిని నేను. అయినా ‘అయ్యా’ అని లేకపోతే తమ ఆఫీసులో అర్జీ ముట్టుకోరని చెప్పారు గనుక అలాగే వ్రాస్తూ, దిగువ సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. తమ పరీక్ష తప్పని నా ఫిర్యాదు కాదు. తమ ల్యాబులో పనిచేసే ఫుసేనా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చూపించినది. వెన్నను కరిగించి, క్షారం చుక్కచుక్కగా వేస్తే గులాబీ రంగు వచ్చి నిలవాలి. వేరే ఊరి వెన్నకు తొందరగా వచ్చినది. నా వెన్నకు పోస్తూనే ఉన్నది, రంగు వచ్చి వచ్చి పోయినది. కొవ్వు అంటే గ్లిసరిన్‌ను మూడు ఆమ్లాలు పట్టుకుని ఉండడమట. తడి తగిలి గింజ మొలకెత్తబోతే, తన కడుపులోని కొవ్వును తానే విడగొట్టుకు తింటుందట. అప్పుడు ఆమ్లాలు చెయ్యి వదిలేసి విడిగా తిరుగుతాయి. ఎన్ని వదిలేశాయో చెప్పేదే తమ కాగితంలోని అంకె. ఆ అంకె నిజమే, ఒప్పుకుంటున్నాను. వెన్న నాలుక మీద వేసుకుంటే గొంతు గీరుకుపోయినది. తిండికి పనికిరాదు, సబ్బుకు పంపండి అన్నారు, పంపాము.

2. అయితే ఆ అంకె కింద తాము ఇంకొక వాక్యము వ్రాసినారు. ‘కారణం: గింజలను సకాలంలో ఉడకబెట్టకపోవడం. తయారీదారు తియుంబా నాపారి నిర్లక్ష్యం.’ ఏ సీసాలో, ఏ చుక్కకు, ఏ రంగు తిరిగితే ఈ సంగతి తెలిసినదో తెలుపగోరుచున్నాను.

3. గింజలు ఏరిన వెంటనే ఉడకబెట్టి ఎండబెట్టకపోతే మొలకెత్తుతాయని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. ఈ వానాకాలం గింజలు గుట్టపడి ఉండగా మా ఊరి పెద్ద, అనగా తమ తండ్రిగారు, కాలము చేసినారు. దినాల డప్పు ఆగేదాకా ఊళ్ళో రోకలి ఎత్తరాదు, వెన్న పనికి పొయ్యి రాజేయరాదు. ఆ కట్టుబాటు నేను పెట్టినది కాదు. గింజలు తడుస్తున్నాయి, ఉడకబెట్టుకోవడానికి ఒక్క పూట సెలవివ్వమని సంఘం ఆడవాళ్ళం తమ వాకిట్లో నిలబడి అడిగినాము. తాము బయటకు వచ్చి ఏమన్నారో మరచి ఉంటారు. నేను మరువలేదు.

“మా నాన్న దినాలు కాలేదు పిన్నీ. ఇప్పుడు వెన్నకు పొయ్యి వెలిగిస్తే, కొడుకుండీ ఏం లాభమని ఊరు నా మొహాన ఉమ్మదూ? నీకూ బావ వరసే కదా ఆయన.”

తల వంచుకుని వచ్చేశాము. గింజల మీద తాటాకులు కప్పాము, గోనెలు కప్పాము, నా పక్క దుప్పటి కూడా కప్పాను. కింద నుంచి చెమ్మ ఎక్కింది. తమ చుట్టాలకు సంకటి వండే పొయ్యిలు మాత్రం ఒక్క పూటా ఆరలేదు. వండినదీ వడ్డించినదీ మేమే. సంకటి గరిటె చేతిలో ఉండగానే గుట్ట దగ్గరకు పోయి చూస్తే, గింజలు తెల్లటి ముక్కులు బయట పెట్టి ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చాను. ఎవరో చూసి, ఊరి పెద్ద కోసం ఎంత బాధపడుతున్నదో అన్నారు.

4. కాగితం చూసుకుని తమ ఆఫీసుకు వచ్చి, నీకు తెలిసీ ఇలా ఎలా వ్రాశావని అడిగినాను. తాము కుర్చీలోంచి లేవలేదు. “ఊళ్ళో నేను కొడుకుని. ఇక్కడ ఆఫీసర్ని. రెండూ కలపకు పిన్నీ. దినాలని కారణం రాస్తే పైవాళ్ళు నవ్వుతారు,” అన్నారు. పైవాళ్ళు నవ్వకుండా ఉండడానికి ఊళ్ళో వాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకోవాలి కాబోలు.

5. అసలు సంగతి ఇది. ఇందాకటివన్నీ దీని కోసమే వ్రాశాను. నా కూతురు సుహుయినికి పక్క ఊళ్ళో ఆడపిల్ల పుట్టింది. తొలి బిడ్డకు అమ్మమ్మ తన చేత్తో చేసిన వెన్న, తన చేత్తోనే పూయాలని తమకు తెలియనిది కాదు. నీ ఒంటికి నీ అమ్మమ్మ పూస్తుంటే కాళ్ళు పట్టుకున్నది నేనే. పోయినేటి వెన్న గిన్నెలో పెట్టి నెత్తిన పెట్టుకుని వెళితే, వియ్యపురాలు సనాటు గడప దాటనివ్వలేదు. కాగితం సంగతి అప్పటికే సంతలో పాకిపోయింది.

“కోపం తెచ్చుకోకు వదినా,” అన్నది. “చదువుకున్నవాడు, మీ ఊరివాడే, నీ వెన్న సబ్బుకే అన్నాడు. పసిదాని ఒళ్ళు వదినా. రేపేమన్నా అయితే ఎవర్నడగను?”

ఆమెను తిట్టలేకపోయాను. ఆమె చోట నేనున్నా అదే అందును. లోపల పిల్ల ఏడుస్తున్నది, నేను వాకిట్లో మంచినీళ్ళు తాగి వచ్చేశాను. మనవరాలి మొహం ఇంకా చూడలేదు.

కావున, ‘నిర్లక్ష్యం’ అనే మాట కొట్టివేసి, ‘గ్రామ పెద్ద దినాలలో పొయ్యి వెలిగించుటకు ఆయన కుమారుడు అనుమతి ఇవ్వనందున’ అని వ్రాసి, అంకె మాత్రము ఉన్నది ఉన్నట్టే ఉంచి, కింద సంతకము చేసి, ఆ కాగితము మా సంఘం పాక గోడకు అంటించి, నా మనవరాలిని ముట్టుకునే హక్కు నాకు తిరిగి ఇప్పించవలసినదిగా కోరుచు, తమ చిత్తమునకు వదలుచున్నాను.

తమ విధేయురాలు, ఒకప్పుడు తమ పిన్ని,
తియుంబా నాపారి

ఇంకొక సంగతి: అర్జీ మడత పెడుతుండగా సుహుయిని వచ్చింది. అత్త సంతకు పోయిందట, పిల్లను గుడ్డలో చుట్టుకుని పొలాలకు అడ్డంపడి నడిచి వచ్చింది. “నువ్వే పుయ్యమ్మా, తొందరగా,” అని పిల్లను నా ఒళ్ళో వేసింది. అచ్చం మా అమ్మ నుదురు. ఒళ్ళంతా పొడిబారి పొట్టు లేస్తున్నది. ఇంట్లో పోయినేటి వెన్న ఉంది. అది మంచి గింజలది, నీ కాగితానికి దానితో సంబంధమే లేదు. మూత తీసి వాసన చూశాను. బాగానే ఉంది. మళ్ళీ చూశాను. నాలుక మీద వేసుకున్నాను. ఇన్నేళ్ళలో ఒకసారి చూస్తే చాలేది నాకు. ఎన్నిసార్లు చూసినా నమ్మకం కుదరలేదు అల్హసన్, ఆ వెన్న పిల్ల మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. అంగట్లో సీసా నూనె కొని పూసుకోమని చెప్పి పిల్లను దాని చేతుల్లో పెట్టేశాను. నా కూతురు నన్ను చూసిన చూపు నువ్వు చూసి ఉండాల్సింది.