సగం లక్క, సగం నూనె

కొయ్య పని చేసే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో అందరికంటే ముందు బడి గడప తొక్కి డిగ్రీ దాకా చదివిన పెద్దమ్మాయినైన, బడిలో ఒక్క రోజూ పాఠం చెప్పకపోయినా వీధి మొత్తం టీచరమ్మా అని పిలిచే నేను, పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే వారం నా గుండెకు ఆపరేషను. డాక్టరుగారు భయం లేదన్నారు. నాకూ లేదు. కానీ పని మధ్యలో లేచి వెళ్లేటప్పుడు ఉలులు తుడిచి పెట్టి వెళ్లడం మా ఇంటి అలవాటు.

ఇది అమలు జరిపే బాధ్యత అమ్మకూ పిన్నికీ ఉమ్మడిగా అప్పగిస్తున్నాను. నాన్నా బాబాయీ మాటలు మానేసి షెడ్డు మధ్యలో రేకు గోడ లేపినా, ఆ గోడ వీళ్ల వంటిళ్ల దాకా రాలేదు. ఇప్పటికీ ఒకరి గిన్నెలు ఇంకొకరి ఇంట్లోనే ఉంటాయి. ఆ గిన్నెల పంపకం నా తరం కాదు గనుక ఇందులో చేర్చలేదు.

1. నా సంపాదనతో కొన్న, కొయ్యను తిప్పే చిన్న లేత్ మిషన్, ఉలులన్నీ బాబాయి కూతురికి, అంటే నా చెల్లికి చెందాలి. తనదీ నాలాగే ఎడమచేతి వాటం. ఉలి ఆనించే కమ్మీని నా చేతికి తగ్గట్టు జరిపి బిగించాను. పెద్దవాళ్లెవరూ వచ్చి దాన్ని సరిచేయకూడదు.

2. అరలో ఉన్న చెడిపోయిన భరిణెలు కూడా చెల్లికే. లక్క పెచ్చులూడినవి, నూనె మచ్చలు పడినవి. వాటిని పొయ్యిలో పెట్టొద్దు. నేను చదువుకున్నది వాటి దగ్గరే.

3. కుర్చీలమ్మే షోరూం యజమానిగారికి, ఆయన నాకిచ్చిన వార్నిష్ డబ్బా, మూత తీయకుండా. నా భరిణె చూసి ఆయన, "రెండు రకాలు ఎందుకమ్మా గజిబిజిగా, పైనంతా ఒక కోటు కొట్టెయ్, నిగనిగలాడుద్ది" అన్నారు. మంచికే అన్నారు. ఆయన కుర్చీలకు పనికొస్తుంది.

4. ఇక ఆ భరిణె. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

నా చిన్నప్పుడు ఒక హోటలు వాళ్లు గదికొకటి చొప్పున భరిణెలు చేయమన్నారు. తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ వేడికి లక్క కరిగి రంగుగా పరుచుకుంటుంది. బయటంతా నాన్న అలా లక్క పట్టించాడు. అన్న పనికి తన వంతు అందం చేద్దామని బాబాయి లోపల దోసిళ్లతో నూనె పట్టించాడు. నూనె కొయ్యలోంచి పాకి లక్క కిందికి చేరింది. హోటలు మేనేజరు బల్ల మీదే లక్క పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"నూనె పొయ్యడమే వస్తే వంటలు చేసుకోమను" అన్నాడు నాన్న. "కొయ్యకి మొహం కనపడకుండా రంగు పులిమేవాడికి కొయ్య సంగతేం తెలుసు" అన్నాడు బాబాయి. మర్నాడే గోడ లేచింది. వీధి వాళ్లు ఒకరిని లక్కాయన, ఇంకొకరిని నూనాయన అనడం మొదలుపెట్టారు.

నేను గోడకు ఇటు లక్క, అటు నూనె నేర్చుకున్నాను. బదులుగా ఇద్దరికీ సంతకం నేర్పాను, ఒకరికి తెలియకుండా ఒకరికి.

నా భరిణెకు కింది సగం ఎర్ర లక్క. పై సగం నూనె, దాని మీద మైనం. అక్కడ చేవ గీతలన్నీ కనిపిస్తాయి. రెంటి నడుమ సన్నని గాడి తీసి, కొయ్య తిరుగుతుండగా అందులో ఇనుప తీగ బిగబట్టి, ఆ రాపిడి వేడికి గాడిని కాల్చాను. ఆ నల్లగీతే సరిహద్దు. లక్క ముందు, నూనె తర్వాత. నూనె కూడా గుడ్డ కొసతో, ఆరనిచ్చి, మళ్లీ కొంచెం. రెండు వానాకాలాలు గడిచినా ఒక్క పెచ్చు లేవలేదు. గొప్పలు పోతున్నానన్నా సరే, మా షెడ్డులో ఇలాంటిది నాకు ముందు ఎవరూ చేయలేదు. లక్కలో తప్పు లేదు, నూనెలోనూ లేదు.

ఇది చెల్లికి చెందాలి. గాజు బీరువాలో పెట్టకుండా గుండీలో సూదులో వేసి వాడుకోవాలి. పై సగం బాబాయి చెప్పినట్టు, కింది సగం నాన్న చెప్పినట్టు తుడవాలి. వార్నిష్ తాకకూడదు.

5. నాన్నకూ బాబాయికీ ఏమీ రాయలేదు. సాక్షి సంతకం చేసేవారికీ వాళ్ల భార్యలకూ ఆస్తి చెందదని లాయరుగారు చెప్పారు. నాకు సాక్షులుగా వీళ్లిద్దరే కావాలి. అందుకని అమ్మకూ పిన్నికీ కూడా లేదు. నా ఊదారంగు స్వెటరు అమ్మ ఎలాగూ తీసుకుంటుంది, అది కాగితం మీద పెట్టడం లేదు.

సాక్షి ఒక్కరే అయితే ఈ వీలునామా చెల్లదు. అంటే వాళ్లలో ఎవరు రాకపోయినా నా మిషన్, నా భరిణె, పైన రాసినవేవీ చెల్లికి దక్కవు. ఇద్దరూ నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు, ఒకే బల్ల దగ్గర సంతకం చేయాలి. బల్ల మీద పెన్ను ఒకటే పెట్టాను. నాన్న రాశాక బాబాయి చేతికి ఇవ్వాలి.

మార్చి తొమ్మిది, సోమవారం, మధ్యాహ్నం.

(సంతకం) టీచరమ్మ

టీచరమ్మ సంతకం చేస్తుండగా చూసి, ఒకరి సంతకం ఒకరం చూసి, ఒకే పెన్నుతో చేసిన సాక్షులం:

1. (సంతకం) లక్కాయన, నూనాయనకు అన్న

2. (సంతకం) నూనాయన, లక్కాయనకు తమ్ముడు